బాకీ తేలేదాకా

"సార్, వెరిఫికేషన్ కోసం మీ పుట్టిన తేదీ, పాన్ నంబరు ఒకసారి చెప్పండి." ఫోన్ చేసింది అవతలివాళ్లు. మనం బాకీ ఉన్నామంటున్నదీ వాళ్లే. ఆ బాకీ ఊసే మనకు తెలియదు. అయినా మనమెవరో రుజువు చేసుకునే పని మాత్రం మన నెత్తిన పడింది. చెప్పకపోతే, "వివరాలు కన్ఫర్మ్ చెయ్యకుండా లోన్ గురించి మాట్లాడలేం సార్, ప్రైవసీ రూల్" అంటారు. చెబితే, అప్పటిదాకా వాళ్ల దగ్గర ఉన్నాయో లేవో తెలియని రెండు ముక్కల్ని మనమే వాళ్ల చేతిలో పెట్టినట్టు. మన గుట్టు కాపాడతానని వచ్చిన రూలే మన నోటి నుంచి మన గుట్టు లాగుతోంది.

ఫోను కొత్తదే గానీ దీని అడుగున ఉన్న ప్రశ్న చాలా పాతది. లేనిదాన్ని లేదని ఎలా తెలుసుకోవడం? మన తార్కికులు దీనిమీద వందల ఏళ్లు వాదులాడుకున్నారు. 'నేల మీద కుండ లేదు' అన్నది వాళ్లకు అలవాటైన ఉదాహరణ. కుండ లేకపోవడం కంటికి తెలిసే సంగతేనన్నారు నైయాయికులు. కాదు, దానికి అనుపలబ్ధి అని వేరే ప్రమాణమే ఉందన్నారు కుమారిల భట్టు వర్గపు మీమాంసకులు. ఎవరి దారి వాళ్లదైనా, కుండ లేదని చెప్పాలంటే ముందు నేల కనబడాలి. సగం నేల చీకట్లో ఉంటే ఆ మాట చెప్పలేం. "ఆ అప్పు నాది కాదు" అన్న మనిషిని కూడా ఇదే అడుగుతున్నారు. నేలంతా చూపించు. ఆధార్ చూపించు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు చూపించు, ఎక్కడ పనిచేస్తున్నావో చెప్పు. చూశాక మేం తేలుస్తాం, కుండ ఉందో లేదో.

ఉందన్నవాడే తెచ్చి చూపించొచ్చు కదా? చట్టం నిజానికి ఆ మాటే అంటుంది. ఒక హక్కు తనకుందని కోర్టుకెక్కినవాడే దానికి ఆధారమైన సంగతుల్ని రుజువు చెయ్యాలని 1872 నాటి సాక్ష్య చట్టం 101వ సెక్షన్‌లో రాసి ఉంది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ 104వ సెక్షన్‌గా ఆ నియమం అలాగే ఉంది. కోర్టు గుమ్మం దాకా వెళితే వరస సరిగ్గానే ఉంటుంది. చిన్న అప్పుల తగాదాల్లో చాలావాటికి ఆ గుమ్మమే ఎదురుకాదు. ఫోన్లో మొదలై, నాలుగు బెదిరింపు మెసేజీలుగా సాగి, చివరికి క్రెడిట్ రిపోర్టులో ఒక లైనుగా మిగిలిపోతాయి. కొత్తగా ఇల్లు కొనుక్కుందామని బ్యాంకుకు వెళ్లిన రోజున ఆ లైను బయటపడుతుంది. 2022 ఫిబ్రవరిలో దేశమంతటా చాలామంది, తాము ఎన్నడూ తీసుకోని చిన్న అప్పులు తమ పాన్ నంబరు మీద నమోదై ఉండడం చూసి బిత్తరపోయారు. అప్పు చేసిన చెయ్యి ఎవరిదో, మచ్చ పడ్డ పేరు ఎవరిదో!

కాబట్టి తగాదా పడ్డ మనిషికి మొదట కావాల్సింది ఎదురు అడిగే అలవాటు. ఫోన్లో కాదు, రాతపూర్వకంగా. అప్పిచ్చింది ఏ బ్యాంకు, లేక ఏ ఎన్‌బీఎఫ్‌సీ? ఒప్పందం కాపీ ఏది? ఆ డబ్బు ఏ తేదీన ఏ ఖాతాలో పడింది? అసలెంత, వడ్డీ ఎంత, జరిమానా ఎంత, ఇప్పటిదాకా జమ ఎంత? ఫోన్ చేస్తున్న ఏజెంటుకు అధికారమిచ్చిన ఉత్తరం ఏది? అప్పును వేరే కంపెనీకి అమ్మేసి ఉంటే ఎప్పుడు, ఎవరికి? నా వివరాలు మీకెక్కడివి, ఇంకెవరెవరికి ఇచ్చారు? నన్నడిగితే వీటన్నిటిలో పదునైనది ఏ ఖాతాలో పడిందన్న ప్రశ్న. సంతకం ఫోర్జరీ చెయ్యొచ్చు, సెల్ఫీ మార్చొచ్చు. డబ్బు మాత్రం ఎక్కడో ఒకచోట దిగక తప్పదు. దొంగ అప్పులు చాలావరకు అక్కడే దొరికిపోతాయి.

ఇవ్వాల్సింది మాత్రం చాలా తక్కువ. వాళ్లే చెప్పిన రిఫరెన్స్ నంబరు, పేరు, జవాబు పంపాల్సిన చిరునామా. ఐడీ తప్పదంటే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ చాలు. దాని జిరాక్స్ మీద అడ్డంగా 'ఫలానా తగాదా కోసం మాత్రమే' అని రాసి తేదీ వెయ్యాలి. ఓటీపీ అడిగారంటే అది తగాదా కానే కాదు, దొంగతనం. ఇంకొకటుంది, మర్యాదస్తులే ఎక్కువగా పడే గుంట. ఏజెంటు పోరు పడలేక, "కొంచెం టైమివ్వండి, మెల్లగా సర్దుతాను" అని రాసిచ్చేస్తారు. లిమిటేషన్ చట్టం ప్రకారం, గడువు లోపల అప్పును ఒప్పుకుంటూ సంతకంతో రాసిస్తే ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. తనది కాని బాకీకి కూడా మనిషి ఒక్కోసారి మొహమాటంతో తలూపేస్తాడు. ఆ తలూపు కాగితమెక్కితే సాక్ష్యం.

పాతకాలంలో ఇంతకంటే బాగుండేదని మాత్రం నేననను. ప్రామిసరీ నోటు సంగతే చూడండి. రెవిన్యూ స్టాంపు మీదుగా సంతకం, కింద సాక్షులు, ఓ మూల రాసినవాడి దస్తూరి. కొంత కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు వేసేవారు. పూర్తిగా తీరాక నోటు చేతికిచ్చేవారు. తీసుకున్నవాడు దాన్ని అక్కడికక్కడే చింపేసేవాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ నోటు ఉండేది షావుకారు పెట్టెలో. చెల్లు వేశాడో లేదో చూసుకోవాలంటే మళ్లీ ఆయన గుమ్మానికే వెళ్లాలి. అవసరంలో ఉన్నవాడి చేత అంకె వెయ్యని నోటు మీద సంతకం పెట్టించుకునే షావుకార్లూ ఉండేవారు. ఆ సంతకం పెట్టినవాడు, ఫోన్లో 'అనుమతించు' అన్న బటన్ నొక్కినవాడు చేసింది ఒకటే పని. ఖాళీని అవతలివాడు నింపుకుంటాడు. ఇక గుట్టంటారా, ఊళ్లో ఎవరికి ఎంత బాకీ ఉందో బావి దగ్గరే తెలిసిపోయేది.

ఒక్క తేడా మాత్రం ఉంది. అప్పులవాడు వదలకుండా వెంటపడితే మనం నక్షత్రకుడిలా తగులుకున్నాడంటాం. పద్యనాటకం చూసిన ప్రతి ఊరికీ అతను తెలుసు. హరిశ్చంద్రుడి వెంట కాశీ దాకా నడిచి, దారి పొడుగునా పీడించిన మనిషి. ఎంత పీడించినా ఎదురుగా నిలబడే పీడించాడు. ఎవరి తరఫున వచ్చాడో, ఎంతకోసం వచ్చాడో దాచలేదు. ఇప్పటి నక్షత్రకుడికి మొహం లేదు, పేరు మారుపేరు, నంబరు రోజుకొకటి. కంపెనీ ఏదని అడిగితే ఫోన్ పెట్టేస్తాడు. అతనికి మన గురించి అన్నీ తెలుసు, అతని గురించి మనకేమీ తెలియదు. ఆ కథ మనల్ని ఇంకో రకంగా కూడా ఇరుకున పెట్టిందని నాకనిపిస్తుంది. ఆలిని అమ్మి, తనను తాను అమ్ముకుని మరీ బాకీ తీర్చిన మనిషి మనకు సత్యానికి నిలువెత్తు రూపం. ఆయన ఒక్కసారైనా లెక్క చూపించమని అడగలేదు. అడిగితే సత్యానికి వచ్చే లోటేమిటి? ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం సత్యమైతే, ఇవ్వని మాటను ఇవ్వలేదనడం కూడా సత్యమే కదా. దాన్ని పాడే నాటకం మనకు లేకపోయింది.

2020లో హైదరాబాద్ చుట్టుపక్కల లోన్ యాప్‌ల ఉదంతం బయటపడ్డప్పుడు, ఈ మొహం లేనితనం ఎంత దూరం వెళ్లగలదో తెలిసింది. నాలుగైదు వేల అప్పుకోసం యాప్ దించుకున్నవాడి ఫోన్‌బుక్ మొత్తం వాళ్ల చేతికెళ్లింది. వాయిదా తప్పితే ఫోన్లు వెళ్లింది అప్పు తీసుకున్నవాడికి మాత్రమే కాదు. మేనమామకు, ఆఫీసులో మేనేజరుకు, ఎప్పుడో కలిసి చదువుకున్న అమ్మాయికి కూడా వెళ్లాయి. ఫొటో పెట్టి 'దొంగ' అని రాసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ డిసెంబరులో తెలంగాణ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి మనుషుల్ని పట్టుకున్నారు. తర్వాత 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు ఇచ్చిన డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాల్లో, యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫొటోలు ముట్టుకోకూడదని రాశారు. వసూలుకు ఎవరొస్తారో ముందుగా అప్పు తీసుకున్నవాడికి చెప్పాలన్నారు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఏజెంట్లు ఫోన్ చెయ్యకూడదని ఆ ముందు నెలలోనే చెప్పారు. రూళ్లు మంచివే. కానీ అవి ఒప్పుకున్న ఒక సంగతి చూడండి. ఆ యాప్‌లు తాకట్టు పెట్టించుకున్నది బంగారాన్ని కాదు, నలుగురిలో మొహం. మన రాష్ట్రంలో ఇది అంతకుముందే చూశాం. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చేనాటికి, ఒక ఆడమనిషి కట్టలేకపోతే గ్రూపులోని మిగతా ఆడవాళ్లే ఆమె వాకిట్లో కూర్చోవలసిన ఏర్పాటు ఊరూరా నడుస్తోంది.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. తీసుకోని అప్పుకు గుట్టు కావాలంటే సరే. నిజంగా తీసుకుని ఎగ్గొట్టినవాడికి గుట్టేమిటి?

ఇంగ్లండులో టూర్నియర్ అనే చిరుద్యోగి కేసు దీనికి జవాబులా ఉంటుంది. ఇంకా చెప్పాలంటే, ప్రశ్ననే మార్చేస్తుంది. అతను బ్యాంకుకు తొమ్మిది పౌండ్ల చిల్లర బాకీ. వారానికో పౌండు కడతానని రాసిచ్చాడు, కొత్తగా చేరబోయే ఉద్యోగం అడ్రసు కూడా ఇచ్చాడు. తర్వాత వాయిదాలు తప్పాడు. బ్రాంచి మేనేజరు అతని ఇంటి అడ్రసు కనుక్కోవడానికని ఆ కంపెనీకి ఫోన్ చేశాడు. ఆ మాటల్లో బాకీ సంగతి చెప్పేశాడు, జూదం అలవాటున్నట్టుందని కూడా జతచేశాడు. మూడు నెలల గడువు కాగానే కంపెనీ అతన్ని మళ్లీ పెట్టుకోలేదు. 1923 డిసెంబరులో అప్పీలు కోర్టు అతని వైపు మొగ్గి, కేసును మళ్లీ విచారించమంది. ఖాతాదారు గుట్టు కాపాడ్డం బ్యాంకు బాధ్యత అని అంత స్పష్టంగా చెప్పిన తీర్పు అదే. మన బ్యాంకింగ్ న్యాయంలోనూ ఇప్పటికీ దాన్నే తలుస్తారు. నన్ను పట్టి ఆపే సంగతి ఏమిటంటే, టూర్నియర్ నిజంగానే బాకీ ఉన్నాడు. మాట కూడా తప్పాడు. కోర్టు అతన్ని మంచివాడనలేదు. బాకీ ఉన్నంత మాత్రాన అతని బతుకులో మిగతా భాగమంతా బ్యాంకు సొత్తు కాదన్నదే ఆ తీర్పు సారం. మచ్చలేనివాడికి మాత్రమే ఇచ్చేదైతే అది హక్కు కాదు, బహుమతి.

అయితే ఆ తీర్పే నాలుగు మినహాయింపులు కూడా పెట్టింది. చట్టం బలవంతపెట్టినప్పుడు, ప్రజలపట్ల బాధ్యత ఉన్నప్పుడు, బ్యాంకు ప్రయోజనం కోరినప్పుడు, ఖాతాదారు ఒప్పుకున్నప్పుడు గుట్టు విప్పొచ్చు. మూడోదాన్ని మరోసారి చదవండి. తలుపుకు తాళం వేసి, ఆ తాళంచెవి బ్యాంకు జేబులోనే వేసినట్టుంది.

మన చట్టమూ ఆ దారే పట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు. ఆరేళ్లకు, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నా గురించి ఏమేమి దాచావు, ఎవరికిచ్చావు అని అడిగే హక్కు దాని 11వ సెక్షన్‌లో ఉంది. తప్పుంటే దిద్దమనే హక్కు 12వ సెక్షన్‌లో. చదువుతుంటే, తగాదా పడ్డ మనిషి కోసమే రాశారనిపిస్తుంది. 17వ సెక్షన్ దాకా వెళితే తెలుస్తుంది అసలు సంగతి. ఆర్థిక సంస్థ దగ్గర అప్పు తీసుకుని ఎగవేసిన మనిషి ఆస్తిపాస్తులు, అప్పులు ఆరా తీసే పనికి ఆ హక్కులేవీ వర్తించవు. ఎగవేతకు అర్థం దివాలా చట్టం నుంచి తెచ్చుకున్నారు: కట్టాల్సిన గడువు వచ్చి, కట్టని బాకీ. కట్టాల్సిందేనా అన్న దగ్గరే తగాదా ఉంటే? మనిషి అడుగుతున్నది నేను ఎగవేతదారునేనా అని. నువ్వు ఎగవేతదారువి కాబట్టి అడిగే హక్కు నీకు లేదు అన్నది జవాబైతే, ఆ వలయంలోంచి బయటికొచ్చే దారేది?

పూర్తిగా మూసేశారనడం అన్యాయం. 2005 నాటి క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం కింద రిపోర్టు చూసుకోవడం, తప్పు దిద్దించుకోవడం ఇప్పటికీ మన చేతుల్లో పనే. నాలుగు కంపెనీలూ ఏడాదికొకసారి ఉచితంగా పూర్తి రిపోర్టివ్వాలి. ఫిర్యాదు ముప్పై రోజుల్లో తేల్చకపోతే, ఆపైన రోజుకు వంద రూపాయలు మనకు కట్టాలని 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రూలు. అప్పిచ్చిన సంస్థ పలక్కపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. వంద రూపాయలు చిన్న మొత్తమే. కానీ తేలని కాలానికి ధర ఉందని ఒప్పుకున్నారు, అది చిన్న సంగతి కాదు.

మా మేనత్త అనుభవం చెబుతాను. మామయ్య పోయిన కొన్నాళ్లకు, ఆయన పేరిట అప్పుందంటూ ఒక సంస్థ తరఫున కుర్రాడు వచ్చాడు. ఎప్పుడు తీసుకున్నారు, ఎంత కట్టారు, కాగితాలు చూపించు అంది అత్త. "ఖాతా వివరాలు మీకు చెప్పకూడదమ్మా, సార్ పేరు మీదున్నాయి కదా, ప్రైవసీ" అన్నాడు. "మరి డబ్బు ఆయన్నే అడుగు నాయనా" అంది ఆవిడ, చేటలో బియ్యం ఏరుకుంటూ. కట్టడానికైతే ఆవిడ భార్య. చూడ్డానికి పరాయి. పోయినవాళ్ల బాకీకి వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న ఒక్క కారణంతో వసూలు చేసే వీలును హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తీసేసింది. పితృ ఋణం వేరు, నాన్న పర్సనల్ లోన్ వేరు. ఆ తేడా ఆ కుర్రాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పకపోవడంలో లాభం ఉన్నవాళ్లున్నారని నా అనుమానం.

గోప్యత అన్న మాట ఎవరి నోట ఏ సైజులో వినబడుతుందో చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. పేపర్లో లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో స్వాధీన ప్రకటనలు పడుతుంటాయి. 2002 సర్ఫేసీ చట్టం కింద రెండు పత్రికల్లో వెయ్యాలి, ఒకటి స్థానిక భాషలో. అప్పు తీసుకున్నవాడి పేరు, తండ్రి పేరు, జామీను ఉన్నవాళ్ల పేర్లు, ఇంటి నంబరు, బాకీ రూపాయలతో సహా. కింద హద్దులు: తూర్పున ఫలానా వారి ఇల్లు, దక్షిణాన ఫలానా వారి స్థలం. ఏ పాపమూ ఎరగని పక్కింటాయన పేరు కూడా ఆ ప్రకటనలో ఎక్కేస్తుంది. అదే, పెద్ద ఎగవేతదారుల పేర్లు చెప్పమని సమాచార హక్కు కింద అడిగితే, బ్యాంకులకు తమకు మధ్య నమ్మకపు బంధముందని, చెప్పకూడదని రిజర్వు బ్యాంకు సుప్రీంకోర్టు దాకా వాదించింది. 2015 డిసెంబరులో జయంతీలాల్ మిస్త్రీ కేసులో కోర్టు అలాంటి బంధమేదీ లేదు, చెప్పాల్సిందేనంది. రెండు బెడ్‌రూముల ఇంటివాడికి ఆ నమ్మకపు బంధం వాదన ఎవరూ అరువివ్వలేదు.

ఇన్నీ చెప్పాక అప్పిచ్చినవాళ్ల వైపు కూడా తిరిగి చూడాలి. అప్పిచ్చేది బ్యాంకులే కాదు. కూతురి పెళ్లికని దాచిన రెండు లక్షలు తెలిసినవాళ్లకు చేబదులిచ్చి తిరగలేక తిరుగుతున్న విధవరాలు కూడా ఋణదాతే. ఆవిడ దగ్గర లీగల్ సెల్ లేదు. ఆవిడ అడిగినప్పుడల్లా, "లెక్క పంపు, కాపీ పంపు, నా వివరాలు నీకెక్కడివి" అని లాయరు చేత నోటీసులిప్పించే తెలివిమంతుణ్ని గోప్యత పేరుతో కాపాడాలా? అడిగే హక్కు నిజం తేల్చడానికి పుట్టింది. వాయిదా వెయ్యడానికి వాడితే అదీ ఒక రకం ఎగవేతే. తప్పుడు ఫిర్యాదు చేసేవాడికి పది వేల దాకా జరిమానా కొత్త డేటా చట్టంలో ఉంది. కానీ బయటినుంచి చూస్తే ఇద్దరి ఉత్తరాలూ ఒకేలా ఉంటాయి. అమాయకుడూ అవే ప్రశ్నలు అడుగుతాడు, టక్కరీ అవే అడుగుతాడు. మనసు చూడగలిగే ప్రమాణం ఏ మీమాంసకుడూ ఇవ్వలేదు. మనసు కనబడదు గనకనే కాగితం అడుగుతున్నాం. కాగితం ఉన్న ఋణదాతకు ఈ ప్రశ్నలు ఒక్క పూట పని. లేనివాడికి జవాబే ఉండదు. టక్కరివాడికి దొరికే ఆ పూట ఆలస్యాన్ని నేను ఒప్పుకుంటాను.

తేలని కాలాన్ని గౌరవించడం మన చట్టానికి చేతకాదనీ కాదు. కంపెనీకి సరుకు బాకీ ఉందని దివాలా చట్టం కింద నోటీసు వస్తే, పది రోజుల్లోగా ఇది ముందునుంచీ తగాదాలో ఉందని చూపిస్తే చాలు, దివాలా దరఖాస్తు అక్కడితో ఆగుతుంది. తగాదా ఉత్తుత్తిది కాకూడదు, అంతే. 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ గీత గీసింది. తగాదా గెలుస్తారా లేదా అన్నది అప్పుడే చూడక్కర్లేదంది. అంటే, తగాదా ఉందన్న ఒక్క సంగతికే విలువుంది. అదే దివాలా చట్టం నుంచి ఎగవేత అన్న నిర్వచనాన్ని తెచ్చి డేటా చట్టంలో పెట్టినవాళ్లు, కంపెనీలకిచ్చిన ఈ ఊపిరిని మాత్రం మనిషి కోసం వెంట తీసుకురాలేదు. డేటా చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అడిగే హక్కులు అమల్లోకి రావడానికి అప్పటినుంచి పద్దెనిమిది నెలలు, అంటే 2027 మే. ఆ తర్వాత ఎవరో ఒకరు తొలి ఉత్తరం రాస్తారు: ఈ బాకీ నాది కాదంటున్నాను, నా గురించి మీ దగ్గరున్నదంతా చూపండి. నువ్వు 17వ సెక్షన్ కింది మనిషివి, చూపం అని జవాబొస్తే, ఆ మనిషి ఎగవేతదారో కాదో ఆ పూటకు తేల్చింది ఎవరు? చట్టంలో నాకు కనబడలేదు.